తగ్గుతున్న కథోలిక జనం, పెరుగుతున్న జ్ఞానస్నానాలు: సెక్యులర్ యుగంలో విశ్వాసానికి ఏమవుతోంది?

2025 ఈస్టర్‌కు ఫ్రాన్స్‌లో 10,384 మంది పెద్దవాళ్లు కథోలిక శ్రీసభలో (కథోలిక చర్చిలో) జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్నారు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 7,135. ఒక్క ఏడాదిలో 45 శాతం పెరిగింది. ఒకప్పుడు ‘శ్రీసభకు పెద్దకూతురు’ అనిపించుకుని, 1905లో చట్టం చేసి మరీ మతాన్నీ రాజ్యాన్నీ విడదీసిన దేశమిది. అందుకే ఈ వార్త అంత దూరం పాకింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ తన పెద్ద సర్వేను విడుదల చేసింది. అక్కడి లెక్క ప్రకారం బయటి నుంచి వచ్చి కథోలికుడైనవాడు ఒక్కడుంటే, కథోలికుడిగా పెరిగి వదిలేసినవాళ్లు 8.4 మంది ఉన్నారు.

మొదటి వార్త పట్టుకుని ‘విశ్వాసం తిరిగి వస్తోంది’ అన్నవాళ్లు ఉన్నారు. రెండోది పట్టుకుని ‘మతం పని అయిపోయింది’ అన్నవాళ్లూ ఉన్నారు. చిత్రమేమిటంటే రెండు అంకెలూ నిజమే. పైగా ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. ఎందుకో తెలియాలంటే సెక్యులర్ యుగం అనే మాటను ముందు కాస్త విడదీసి చూడాలి.

‘సెక్యులర్’ అన్న ఒక్క మాటలో మూడు సంగతులు

కెనడా తత్వవేత్త, స్వయంగా కథోలికుడైన చార్లెస్ టేలర్ 2007లో ఈ ముడిని విప్పిన తీరు ఇప్పటికీ పనికొస్తుంది. ఆయన మూడు అర్థాలు చెప్పాడు. మొదటిది, ప్రభుత్వం, కోర్టు, బడి, మార్కెట్ వంటి వ్యవస్థలు దేవుడి ప్రస్తావన లేకుండానే తమ పని తాము చేసుకుపోవడం. రెండోది, జనం గుడికీ చర్చికీ వెళ్లడం, ప్రార్థించడం, నమ్మడం తగ్గడం. మూడోది కంటికి కనిపించనిది. దేవుణ్ణి నమ్మడమనేది ఉన్న దారుల్లో ఒక దారి అయిపోవడం, అదీ అన్నిటికన్నా తేలికైన దారి కాకపోవడం.

మొదటి రెండూ కలిసే నడుస్తాయని చాలామంది అనుకుంటారు. నడవవు. ఇంగ్లండ్‌లో ఈనాటికీ అధికారిక చర్చి ఉంది, రాజే దానికి అధిపతి, 26 మంది బిషప్పులకు పార్లమెంటు ఎగువ సభలో కుర్చీలు ఉన్నాయి. ఆదివారం ఆరాధనకు వెళ్లే ఇంగ్లీషువాళ్లు మాత్రం కొద్దిమందే. అమెరికాలో అధికారిక మతం ఉండకూడదని 1791 నుంచే రాజ్యాంగంలో రాసి ఉంది. అయినా పాశ్చాత్య దేశాల్లో బాగా భక్తి ఉన్న దేశాల్లో ఒకటిగా అది చాలాకాలం నిలిచింది. అంటే రాజ్యం సెక్యులర్ అయినంత మాత్రాన జనం సెక్యులర్ కారు, రాజ్యానికి మతం ఉన్నంత మాత్రాన జనానికి ఉండదు.

మూడో అర్థమే అసలు కీలకం. క్రీ.శ. 1500 నాటి యూరప్ పల్లెలో ఒక రైతు దేవుడు లేడనుకోవడం దాదాపు అసాధ్యం. పంట, జబ్బు, పుట్టుక, చావు, పండుగ, శిక్ష, అన్నీ ఆ నమ్మకంలోనే అల్లుకుని ఉండేవి. ఈనాడు ఎంత గట్టి భక్తుడికైనా ఒక సంగతి తెలుసు: తన పక్కింటివాడు ఏ దేవుణ్ణీ నమ్మడు, అయినా మంచివాడే, సుఖంగానే ఉన్నాడు. ఆ ఎరుక వచ్చాక విశ్వాసం పాత చోట నిలవదు. నమ్మేవాడు కూడా ‘నేను ఎందుకు నమ్ముతున్నాను’ అని తనకు తాను చెప్పుకోవాల్సి వస్తుంది.

సమాజం ఆధునికమయ్యేకొద్దీ మతం దానంతటదే కరిగిపోతుందన్నది 1960లలో సమాజ శాస్త్రజ్ఞుల ప్రధాన అంచనా. అలా అన్నవాళ్లలో ముఖ్యుడైన పీటర్ బెర్గర్, తన అంచనా తప్పిందని 1999లో తానే ఒప్పుకున్నాడు. ఈ వాదాన్ని పూర్తిగా పారేయనక్కర్లేదని కొందరంటారు. పశ్చిమ యూరప్ వరకు అది బాగానే సరిపోయిందని, పొరపాటల్లా దాన్ని ప్రపంచమంతటికీ అతికించడమేనని వాళ్ల మాట.

శ్రీసభ పరిభాషలో నవీకరణ అంటే

వార్తల్లో ‘ఆధ్యాత్మిక పునరుజ్జీవనం’ అంటే జనం పెరగడమే. శ్రీసభ తన చరిత్రలో నవీకరణ అని పిలుచుకున్నవి తలల లెక్కతో మొదలు కాలేదు. 910లో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం, 13వ శతాబ్దంలో అసిసి ఫ్రాన్సిస్, 16వ శతాబ్దంలో ఆవిలా తెరేసా, ఈ మూడు చోట్లా మొదలైంది కొద్దిమందితోనే. వాళ్ల ముందున్న సమస్య నమ్మనివాళ్లు కారు. నమ్ముతున్నామంటూ మొక్కుబడిగా బతుకుతున్నవాళ్లు. ట్రెంట్ మహాసభ (1545–1563) కూడా ప్రొటెస్టంట్లకు జవాబు చెప్పడంతో ఆగక, గురువిద్యార్థులకు (ఫాదర్లు కావడానికి చదివేవాళ్లకు) సెమినరీలు పెట్టాలనీ, పీఠాధిపతులు (బిషప్పులు) తమ మేత్రాసనాల్లోనే, అంటే తమ కింద ఉన్న ప్రాంతాల్లోనే, కాపురం ఉండాలనీ ఆదేశించింది. తన మేత్రాసనంలో అడుగు పెట్టకుండా ఆదాయం మాత్రం తినే పీఠాధిపతులు అప్పట్లో ఉండేవాళ్లు మరి.

ఆధునిక కాలానికి వచ్చేసరికి ఎదురుపడింది మరో రకం సమస్య. ఫ్రెంచి విప్లవం శ్రీసభ ఆస్తులను స్వాధీనం చేసుకుంది. తర్వాతి శతాబ్దంలో ఇటలీ ఏకీకరణ పోపు చేతిలోని రాజ్యాన్నే తీసేసుకుంది. వీటి మధ్య 1864లో తొమ్మిదో పయస్ పోపు 80 ‘దోషాల’ జాబితా ప్రకటించాడు. ప్రగతితోనూ ఉదారవాదంతోనూ ఆధునిక నాగరికతతోనూ పోపు రాజీపడవచ్చు, పడాలి అనే అభిప్రాయం అందులో చిట్టచివరి దోషం.

సరిగ్గా 101 ఏళ్ల తర్వాత అదే శ్రీసభ మరోలా మాట్లాడింది. ఇరవై మూడో జాన్ పోపు పిలిచిన రెండవ వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 వరకు నడిచి 16 పత్రాలు వెలువరించింది. మత స్వేచ్ఛ మనిషికి ఉన్న హక్కని ఒక పత్రం ఒప్పుకుంది. శాస్త్రం, రాజకీయం వంటి లౌకిక రంగాలకు తమవైన నియమాలు ఉంటాయని, ఆ స్వతంత్రత న్యాయమైనదేనని ఇంకో పత్రం చెప్పింది. అదే పత్రంలో నాస్తికత్వం గురించి రాస్తూ, అది పుట్టడంలో విశ్వాసుల పాత్ర కూడా తక్కువేమీ కాదని ఒప్పుకున్నారు. బోధ సరిగా చేయక, బతుకు సరిగా బతకక దేవుడి ముఖాన్ని చూపించడానికి బదులు దాచేశారన్నది అక్కడి మాట. ఒక మతసంస్థ తన అత్యున్నత సభలో ఇలా రాసుకోవడం అరుదు.

ఆ మహాసభ వెనుక రెండు కోరికలు ఒకేసారి పనిచేశాయి. కాలానికి తగ్గట్టు మారాలన్నది ఒకటి. లేఖనాలు, తొలి శతాబ్దాల సభా పితరుల (అప్పటి క్రైస్తవ బోధకుల) రచనలు, పాత ఆరాధనా సంప్రదాయం వంటి మూలాలకు తిరిగి వెళ్లాలన్నది రెండోది. ఆ రెండు కోరికలవాళ్లూ ఒకే సభలో కూర్చున్నంతకాలం రెండూ ఒకటే అనిపించాయి. మహాసభ ముగిశాక విడిపోయాయి. ఈనాటి కథోలిక వాదోపవాదాల్లో సగం ఆ చీలిక నుంచి పుట్టినవే.

వారసత్వంగా వచ్చే విశ్వాసం ఎక్కడ తెగుతోంది

కథోలిక విశ్వాసం నిర్మాణమే వారసత్వం మీద నిలబడింది. పసిబిడ్డకే జ్ఞానస్నానం. ఏడెనిమిదేళ్లకు తొలి సత్ప్రసాదం (కమ్యూనియన్). తర్వాత భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్). ఫలానా వీధుల్లో ఉండేవాళ్లంతా ఫలానా విచారణ (పారిష్, అంటే స్థానిక చర్చి పరిధి) కిందికి వస్తారు, అడిగినా అడగకపోయినా. ‘నేను చేరతాను’ అని ఎవరూ ప్రత్యేకంగా అననక్కర్లేదు. కుటుంబం, ఊరు, బడి ఒకే మాట చెబుతున్నంతకాలం ఈ ఏర్పాటుకు తిరుగులేదు. విశ్వాసం ఎంపికగా మారిన కాలంలో బలహీనపడేది కూడా ఇదే. విశ్వాసిగా మారడమనే వ్యక్తిగత నిర్ణయంతోనే మొదలయ్యే ఇవాంజెలికల్ సంఘాలకు ఈ ఇబ్బంది ఇంతగా లేదు.

ఐర్లండ్‌ను చూస్తే ఈ తెగడం కళ్లకు కడుతుంది. 1970లలో అక్కడి కథోలికుల్లో పదిమందికి తొమ్మిదిమంది వారం వారం దివ్యబలిపూజకు (మాస్‌కు) వెళ్లేవాళ్లని సర్వేలు చెప్పాయి. 1979లో రెండవ జాన్ పాల్ పోపు డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పూజ చేస్తే పది లక్షలకు మించి జనం వచ్చారు. విడాకులకు అనుమతి 1995 రెఫరెండంలో వెంట్రుకవాసి తేడాతో గట్టెక్కింది. స్వలింగ వివాహానికి 2015లో 62 శాతం, గర్భస్రావంపై నిషేధం ఎత్తేయడానికి 2018లో 66 శాతం ఓటేశారు. ఆ 2018లోనే ఫ్రాన్సిస్ పోపు అదే ఫీనిక్స్ పార్కులో పూజ చేస్తే వచ్చింది లక్షన్నర దరిదాపుల్లోనే. 2022 జనగణనలో తాము కథోలికులమని రాయించుకున్నవాళ్లు 69 శాతం.

మధ్యలో ఏం జరిగింది? డబ్బు, చదువు, టీవీ, విదేశీ ప్రయాణాలు అన్నీ కారణాలే. కానీ 2009లో వచ్చిన రెండు దర్యాప్తు నివేదికలను పక్కన పెట్టి ఈ కథ చెప్పడం కుదరదు. ఒకటి శ్రీసభ నడిపిన అనాథాశ్రమాల్లోనూ శిక్షణాలయాల్లోనూ పిల్లలపై దశాబ్దాలపాటు సాగిన హింసను బయటపెట్టింది. రెండోది డబ్లిన్ అతిమేత్రాసనం లైంగిక దాడుల ఫిర్యాదులను తొక్కిపెట్టిన తీరును రాసింది. ఫ్రాన్స్‌లో 2021లో స్వతంత్ర కమిషన్ ఇచ్చిన అంచనా ఇంకా దారుణం. 1950 నుంచి గురువులు (ఫాదర్లు), మఠవాసుల చేతిలో లైంగిక హింసకు గురైన మైనర్లు 2,16,000 మంది అని తేల్చింది. విశ్వాసం పోవడానికి ఎప్పుడూ తత్వశాస్త్రమే కారణం కానక్కర్లేదు. చెప్పినవాడి మీద నమ్మకం పోతే చెప్పిన మాట మీదా పోతుంది.

జర్మనీలో వదిలేయడానికి రశీదు కూడా ఉంటుంది. శ్రీసభ సభ్యుడిగా నమోదైనవాడు ఆదాయపు పన్నుమీద మరో 9 శాతం (రెండు రాష్ట్రాల్లో 8 శాతం) చర్చి పన్ను కట్టాలి. ఏడాదికి 10,000 యూరోల ఆదాయపు పన్ను కట్టేవాడికి ఇది 900 యూరోలు. వద్దనుకుంటే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి పేరు తీయించుకోవాలి. 2022లో 5,22,821 మంది కథోలికులు అలా తీయించుకున్నారు, 2024లో 3,21,611 మంది. ఆదివారం పూజకు వెళ్లేవాళ్లు అక్కడ 6, 7 శాతానికి మించరు కాబట్టి వీళ్లలో చాలామంది చర్చిలో కుర్చీ ఖాళీ చేయలేదు. ఎప్పుడో ఖాళీ చేసిన కుర్చీకి కాగితం పూర్తి చేశారంతే.

ఒక ఊహా విచారణ లెక్క

మొదట్లో చెప్పిన రెండు అంకెలు కలిసి ఎలా ఉండగలవో చూడటానికి ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహా సంఖ్యలు.

ఒక విచారణలో ఇప్పుడు ఆదివారం పూజకు 60 మంది వస్తున్నారు, ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్లు. రాబోయే పదేళ్లలో వీళ్లలో 35 మంది కన్నుమూస్తారనుకుందాం. మిగిలేది 25. అదే విచారణలో ఏడాదికి 12 మంది పెద్దవాళ్లు జ్ఞానస్నానం తీసుకుంటున్నారు. పదేళ్లకు 120. వాళ్లలో మూడోవంతు మందే నిలిచారనుకుంటే 40. పదేళ్ల తర్వాత ఆదివారం పూజలో 25 కలపగా 65 మంది.

బయట నిలబడి తలలు లెక్కపెట్టేవాడికి పెద్ద తేడా తెలియదు: 60 కాస్తా 65 అయింది. లోపల మాత్రం మనుషులే మారిపోయారు. 65లో 40 మంది, అంటే దాదాపు 62 శాతం, పుట్టుకతో కాక ఎంచుకుని వచ్చినవాళ్లు. ఇదే సమయంలో ఆ ఊరి జనగణనలో కథోలికులమని రాయించుకునేవాళ్లు సగానికి సగం పడిపోయి ఉండొచ్చు, ఎందుకంటే పేరుకు మాత్రమే కథోలికులైన వందలమంది ఇప్పుడు ఆ పేరు కూడా చెప్పుకోవడం లేదు. క్షీణత వార్త రాసేవాడు ఆ వందలను లెక్కిస్తున్నాడు, పునరుజ్జీవనం వార్త రాసేవాడు ఈ 40 మందిని. ఇద్దరూ ఒకే విచారణ గురించే రాస్తున్నారు.

ఫ్రాన్స్‌లో జరుగుతున్నది దీనికి దగ్గరగానే ఉంది. పెద్దల జ్ఞానస్నానాలు పెరుగుతున్న అదే ఫ్రాన్స్‌లో పసిబిడ్డల జ్ఞానస్నానాలు 2000 నాటితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. పదివేల పెరుగుదల లక్షల్లో తగ్గుదలను పూడ్చలేదు. కానీ ఆ పదివేల మందిలో 42 శాతం 18–25 ఏళ్లవాళ్లు కావడం ఊరికే కొట్టిపారేసే సంగతీ కాదు. వీళ్ల తల్లిదండ్రుల తరంలో చాలామంది బిడ్డలకు జ్ఞానస్నానమే ఇప్పించలేదు. అందుకే ఇప్పుడు వీళ్లు పెద్దల లెక్కలోకి వస్తున్నారు. పెరుగుదలలో ఒక భాగం పాత తగ్గుదల నీడేనన్నమాట, అంతా కాకపోయినా.

ఇలాంటి వార్తలు చదివేటప్పుడు అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం మంచిది. ఫ్రాన్స్ అంకె మేత్రాసనాల్లో పేర్లు లెక్కించి చెప్పింది. బ్రిటన్‌లో యువత చర్చిలకు తిరిగి వస్తున్నారంటూ 2025లో బైబిల్ సొసైటీ ఇచ్చిన నివేదిక, తమంతట తాము చేరినవాళ్లతో నడిచే ఆన్‌లైన్ ప్యానెల్ మీద ఆధారపడింది. యాదృచ్ఛికంగా మనుషులను ఎంచుకుని అడిగే సర్వేల్లో అలాంటి పెరుగుదల కనిపించడం లేదని జనాభా శాస్త్రజ్ఞులు వెంటనే అభ్యంతరం చెప్పారు.

ఒకే జబ్బుకు అయిదారు మందులు

వారసత్వం పనిచేయనప్పుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు శ్రీసభ లోపలే జవాబులు ఒకదానికొకటి పొసగవు.

1983లో హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో రెండవ జాన్ పాల్ పోపు లాటిన్ అమెరికా పీఠాధిపతులతో ‘నూతన సువార్తీకరణ’ గురించి మాట్లాడాడు. ఉత్సాహంలో, పద్ధతుల్లో, చెప్పే తీరులో కొత్తదనం కావాలన్నాడు. సువార్త ఎన్నడూ విననివాళ్లకు వినిపించడం పాత సువార్తీకరణ. విని, జ్ఞానస్నానం పొంది, మరిచిపోయినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లడం ఈ కొత్తది. పదహారవ బెనెడిక్ట్ పోపు 2010లో దీనికోసం వాటికన్‌లో ఒక ప్రత్యేక విభాగం పెట్టాడు. ఫ్రాన్సిస్ 2022లో దాన్ని సువార్తీకరణ మహాశాఖలో కలిపి, ఆ శాఖకు పోపే స్వయంగా అధ్యక్షుడుగా ఉండాలని మార్చాడు.

కాగితం మీద ఇంత ఉన్నా, క్షేత్రంలో నిజంగా మనుషులను కదిలించినవి ఎక్కువగా విశ్వాసుల ఉద్యమాలే. యుద్ధకాలంలో 1943లో ట్రెంటోలో కియారా లూబిక్ మొదలుపెట్టిన ఫోకొలారే, 1954లో మిలాన్ హైస్కూలు విద్యార్థుల మధ్య లుయీజి జుస్సానీ గురువు నుంచి మొలకెత్తిన ‘కమ్యూనియన్ అండ్ లిబరేషన్’, 1964లో మాడ్రిడ్ మురికివాడల్లో పుట్టిన నియోకాటెక్యుమెనల్ మార్గం, 1968లో రోమ్ విద్యార్థులు పేదల కోసం మొదలుపెట్టిన సాంత్ ఎజీదియో ఇలాంటివే. 1967 ఫిబ్రవరిలో అమెరికాలోని డుకేన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ధ్యానకూటంలో ఉండగా పొందిన పవిత్రాత్మ అనుభవం నుంచి కరిష్మాటిక్ ఉద్యమం పుట్టి కొన్నేళ్లకే ఖండాలు దాటింది.

ఇవన్నీ ఎంపిక మీద నడిచేవి. పుట్టుకతో ఎవరూ ఫోకొలారే సభ్యులు కారు. అందుకే సెక్యులర్ యుగానికి ఇవి బాగా అమరాయి. అందుకే విచారణతో వీటికి పడదు కూడా. ఒకే విచారణలో ఒక గుంపు శనివారం రాత్రి తమ పూజ తాము చేసుకుంటే, మిగతావాళ్లు ‘వీళ్లు వేరే చర్చి పెట్టుకున్నారా’ అని గొణుక్కోవడం చాలా చోట్ల ఉన్నదే. ఇంకా లోతైన ప్రమాదం స్థాపకుల చుట్టూ అల్లుకునే భక్తిలో ఉంది. లీజియన్ ఆఫ్ క్రైస్ట్ అనే గురువుల సంఘం స్థాపకుడు మార్సియాల్ మాసియెల్‌ను 2006లో వాటికన్ ప్రజా పరిచర్య నుంచి తప్పించి ప్రార్థన, ప్రాయశ్చిత్త జీవితానికి పంపింది. పిల్లలపై అతను చేసిన అకృత్యాల గురించి ఫిర్యాదులు వచ్చి అప్పటికే ఏళ్లు గడిచాయి. విశ్వాసుల ఉద్యమాల్లో పై పదవి మామూలుగా వరుసగా పదేళ్లకు మించకూడదని 2021లో వాటికన్ హద్దు పెట్టింది.

ఇంకో జవాబు ఆరాధన వైపు నుంచి వచ్చింది. 2019లో ప్యూ సర్వేలో అమెరికా కథోలికుల్లో మూడోవంతు మందే దివ్యసత్ప్రసాదంలో రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయని నమ్ముతున్నట్టు తేలింది. ప్రశ్న అడిగిన తీరే సరిగా లేదని, మాట మార్చి అడిగితే జవాబు తారుమారవుతోందని తర్వాతి సర్వేలు చూపాయి. అయినా పీఠాధిపతులు ఉలిక్కిపడ్డారు. మూడేళ్ల సత్ప్రసాద నవీకరణ కార్యక్రమం పెట్టి, 2024 జూలైలో ఇండియానాపొలిస్ ఫుట్‌బాల్ స్టేడియంలో వేల మందితో మహాసభ జరిపారు. పాత లాటిన్ పూజ వైపు మొగ్గే యువకుల సంగతి వేరు. వాళ్లను ఆకర్షిస్తున్నది మౌనం, గాంభీర్యం, ‘ఇది ఈ లోకపు వ్యవహారం కాదు’ అనిపించే గుణం. ఆ పూజకు 2007లో బెనెడిక్ట్ తలుపు బార్లా తెరిస్తే, 2021లో ఫ్రాన్సిస్ చాలావరకు మూసేశాడు. రెండవ వాటికన్ మహాసభను ఒప్పుకోనివాళ్లకు అది అడ్డాగా మారుతోందన్నది ఆయన చెప్పిన కారణం.

శ్రీసభ చిన్నదైనా సరే, గాఢంగా ఉండాలన్న ఆలోచన బెనెడిక్ట్ పేరుతో ముడిపడింది. ఆయన జోసఫ్ రాట్జింగర్‌గా ఉన్నప్పుడే, 1969లో ఒక రేడియో ప్రసంగంలో, రేపటి శ్రీసభ చిన్నదవుతుందని, భవనాలూ హోదాలూ పోగొట్టుకుంటుందని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుందని చెప్పాడు. ఫ్రాన్సిస్ ఎంచుకున్న మాటలు వేరు. శ్రీసభ యుద్ధం తర్వాతి క్షేత్ర ఆసుపత్రిలా ఉండాలని, తలుపులు వేసుకుని జబ్బు పడేకన్నా వీధిలోకి వెళ్లి దెబ్బలు తిన్నా మేలని 2013లో అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు శత్రువులన్నట్టు రాసేవాళ్లు ఎక్కువ. నిజానికి రాట్జింగర్ జోస్యం చెప్పాడేగాని చిన్నదైపోవడాన్ని లక్ష్యంగా పెట్టలేదు.

మారితే నిలుస్తామని ఒక పక్షం, మారకపోతేనే నిలుస్తామని ఇంకో పక్షం. ఈ రెండిటికీ చరిత్ర ఇచ్చే సమాధానం ఇద్దరికీ నచ్చదు. వాటికన్ మహాసభ ముగిసిన వెంటనే అందరికన్నా ముందుకు దూకింది నెదర్లాండ్స్ శ్రీసభ. 1966–1970 మధ్య గురువులు, విశ్వాసులు కలిసి కూర్చుని అన్నీ చర్చించారు, గురువులకు బ్రహ్మచర్యం తప్పనిసరి కాకూడదన్నారు. తర్వాతి దశాబ్దాల్లో యూరప్‌లో చర్చికి వెళ్లేవాళ్లు చాలా వేగంగా తగ్గిన దేశాల్లో అదీ ఒకటి. పోలండ్ దారి దీనికి పూర్తిగా ఎదురు. సంప్రదాయం, జాతీయత, కమ్యూనిజంపై పోరాటం, తమలో నుంచి వచ్చిన పోపు, అన్నీ కలిసొచ్చిన శ్రీసభ అది. అక్కడ ఆదివారం పూజకు వచ్చేవాళ్లు 2019లో దాదాపు 37 శాతం. 2023కు 29 శాతం. మధ్యలో కొవిడ్ ఉన్న మాట నిజమే, అయినా పోయినవాళ్లు తిరిగి రాలేదు. రెండు చోట్లా విశ్వాసాన్ని మోస్తున్నది జాతి, సమాజం. అవి చేతులు వదిలేసరికి సిద్ధాంతం ఏదైనా ఒక్కటే అయింది.

యూరప్ దాటితే వేరే కథ

ప్రపంచ కథోలికులు 2023 చివరికి 140 కోట్లు దాటారు, ఇంకా పెరుగుతున్నారు. ఆఫ్రికా వాటా ఇప్పుడు యూరప్‌తో దాదాపు సమానం, రెండూ ఐదో వంతు చొప్పున. అక్కడ విశ్వాసం వారసత్వంగా సాగుతూనే ఉంది, కొత్తగా చేరేవాళ్లూ ఉన్నారు. బ్రెజిల్ ఇంకో రకం. 2010లో 65 శాతం దగ్గర ఉన్న కథోలికులు 2022 జనగణనలో 56.7 శాతానికి తగ్గారు. అలా తగ్గిన వాటాలో పెద్ద భాగం నాస్తికత్వం వైపు పోలేదు. ఇవాంజెలికల్ సంఘాలు 26.9 శాతానికి చేరాయి. టేలర్ చెప్పిన మూడో అర్థం ఇక్కడా వర్తిస్తుంది, కాకపోతే ఎంపిక దేవుడికీ దేవుడు లేకపోవడానికీ మధ్య కాదు, ఒక ఆరాధనకూ ఇంకో ఆరాధనకూ మధ్య.

లౌకికవాది అడిగే ప్రశ్న

విశ్వాసం తగ్గితే సమాజానికి నష్టమేమిటని లౌకికవాది అడుగుతాడు. విడాకులు, గర్భనిరోధం, చదువు విషయాల్లో మతసంస్థ పట్టు సడలడం ఐర్లండ్‌లో చాలామంది ఆడవాళ్లకు విడుదలే. ఆ అనుభవాన్ని ‘ఆధ్యాత్మిక శూన్యం’ అని కొట్టేయడం అన్యాయం. కొత్తగా చర్చి వైపు మళ్లుతున్నవాళ్లలో కొందరిది విశ్వాసమా, వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా చూపించుకునే సాంస్కృతిక గుర్తింపా అన్న అనుమానం కూడా కథోలికుల నుంచే వస్తోంది.

2004 జనవరిలో మ్యూనిక్‌లో రాట్జింగర్, నాస్తిక పక్షాన గౌరవం ఉన్న జర్మన్ తత్వవేత్త యూర్గెన్ హాబర్మాస్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. అప్పటికి రాట్జింగర్ పోపు కాలేదు. మతాలు దాచుకున్న నైతిక అంతర్దృష్టులను లౌకిక సమాజం తేలిగ్గా పారేయకూడదని, మతస్థులు తమ వాదాన్ని అందరికీ అర్థమయ్యే భాషలో చెప్పాలని హాబర్మాస్ అన్నాడు. మతానికి జబ్బులు ఉన్నట్టే హేతువుకూ జబ్బులు ఉన్నాయని, అణుబాంబు దానికి సాక్ష్యమని, రెండూ ఒకదాన్నొకటి సరిదిద్దుకోవాలని రాట్జింగర్ అన్నాడు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. కానీ ఈ విషయం మీద ఇప్పుడు రోజూ జరిగే కేకల మధ్య ఆ సంభాషణ ఇంకా చదవదగ్గది.

జ్ఞానస్నానం తర్వాత వచ్చే ఏళ్లు

పెద్దవాళ్లకు జ్ఞానస్నానం ఇవ్వడానికి ముందు శ్రీసభలో ఒక తయారీకాలం ఉంటుంది. తొలి శతాబ్దాల ఆ పద్ధతిని వాటికన్ మహాసభ కోరగా 1972లో పునరుద్ధరించారు. ఫ్రాన్స్‌లో మామూలుగా ఏడాది, రెండేళ్లు పడుతుంది. మొదట విచారించుకోవడం, తర్వాత జ్ఞానోపదేశం, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలంలో ఆఖరి సిద్ధపాటు, పాస్కా జాగరణ రాత్రి (ఈస్టర్ ముందు రాత్రి) జ్ఞానస్నానం. ఆ తర్వాత ఇంకో దశ ఉంది: పొందిన సంస్కారాల లోతును నెమ్మదిగా అర్థం చేసుకునే కాలం. పుస్తకంలో అన్నిటికన్నా అందంగా కనిపించేదీ, విచారణల్లో అన్నిటికన్నా బలహీనంగా నడిచేదీ ఇదే. తయారీకాలంలో కొత్తగా వచ్చినవాడి కోసం ప్రతివారం ఒక బృందం ఎదురుచూసేది. జ్ఞానస్నానం అయిన మర్నాటి నుంచి తమ వయసులో సగం కూడా లేని పాతికేళ్లవాణ్ణి ఏమని పలకరించాలో తెలియని వృద్ధుల మధ్య అతను కూర్చుంటాడు.

పారిస్ చుట్టుపక్కల మేత్రాసనాల పీఠాధిపతులు ఈ కొత్తవాళ్ల కోసమే ఒక ప్రాంతీయ మహాసభ పిలవాలని నిర్ణయించడం వెనుక ఉన్న కంగారు ఇదే. ఈస్టర్ అంకె 10,000 దాటిందా, 15,000 దాటిందా అన్నదానికన్నా తెలుసుకోవాల్సిన లెక్కలు రెండున్నాయి. ఐదేళ్ల తర్వాత వీళ్లలో ఎందరు ఆదివారం పూజలో ఉన్నారన్నది ఒకటి. పెళ్లిళ్లయ్యాక వీళ్లు తమ బిడ్డలకు జ్ఞానస్నానం ఇప్పిస్తారా, లేక ‘పెద్దయ్యాక వాడే ఎంచుకుంటాడులే’ అంటారా అన్నది రెండోది. ఎంచుకున్న విశ్వాసం మళ్లీ వారసత్వం కాగలదా అన్నది ఆ రెండో లెక్క చెబుతుంది. అది రావడానికి కనీసం పదేళ్లు పడుతుంది.